ఏలకుల ఒహాగి

ఫ్రీమాంట్‌లో మార్చి నెల ఎండకి మహా బద్ధకం. ఆ మధ్యాహ్నం వంటింటి కిటికీలోంచి లోపలికొచ్చి, పొయ్యి మీది ఆవిరిలో కూర్చుని ఇక కదల్లేదు. ఏళ్ళ తరబడి ఆపరేషన్ థియేటర్లో జనాన్ని నిద్రపుచ్చి రిటైరైన డాక్టర్ ప్రమోద, ఆ ఆవిరి ముందు గరిటె తిప్పుతూ తనే సగం నిద్రలో తేలిపోతోంది.

గిన్నెలో ఉడుకుతున్నవి అజుకి గింజలు, చూడ్డానికి చిట్టి ఎర్ర బొబ్బర్లు. పక్కింటి మిచికో గారి కోసం. వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే వారంలో జపాన్ వాళ్ళు పోయినవాళ్ళకి ఒహాగి అనే తీపి పెడతారు. భర్త కెంజీ పోయిన దగ్గర్నుంచి మిచికో గారు ఒక్క ఏడాదీ తప్పలేదు. ఈసారి జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. "షాపులో కొన్నది ఆయన ముట్టరు" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ప్రమోద ఉండబట్టలేక, తను చేస్తానని మాటిచ్చేసింది. ఆ వారానికి ఇదే ఆఖరి రోజు. పొద్దుగూకే లోపు ఫోటో ముందు పెట్టాలి.

పని పెద్ద కష్టం కాదు. జిగురు బియ్యం వండి, సగం మెదిపి ఉండలు చెయ్యాలి. ఉడికిన గింజల్ని పంచదారతో దగ్గరపడేదాకా కలిపి, ఆ ముద్దని ఉండల చుట్టూ తొడగాలి. బూరెలో లోపలుండే పూర్ణం ఇక్కడ బయటికొచ్చి కూర్చుంటుంది, అంతే. అదే కొంప ముంచింది. ముద్ద గిన్నెని వదులుతుంటే ప్రమోద మనసు ఎటో వెళ్ళిపోయింది. అమ్మ పక్కన పీట మీద కూర్చుని పూర్ణం ఉండలు చేస్తున్నట్టే ఉంది. చేతులు వాటి దారిన అవి పనిచేసుకుపోయాయి.

ఆఖరి ఒహాగి పళ్ళెంలో పెడుతుంటే భర్త ఆదిశేషు లోపలికొచ్చాడు.

"ఏమోయ్, ఏలకుల వాసన గరాజ్ దాకా వచ్చింది. ఇవాళ పండగేంటి?"

ప్రమోద గబుక్కున వెనక్కి తిరిగి చూసింది. గట్టు మీద చిన్న రోలు, పక్కనే ఏలక్కాయ తొక్కలు. ఒహాగిలో ఏలకులు వెయ్యనే వెయ్యరు. ఎప్పుడు దంచిందో, ఎప్పుడు వేసిందో!

"రుచి చూళ్ళేదా?"

"నైవేద్యం ఎవరైనా ఎంగిలి చేస్తారా అండీ? ఆవిడ ఆయనకి ఇష్టమైంది అడిగితే నేను పూర్ణం వండి పెట్టాను!"

"పోనీ, మళ్ళీ చెయ్యరాదూ?"

"గింజలైపోయాయి. స్టోర్‌కి డ్రైవ్ చేసి తెచ్చి ఉడికించేసరికి చీకటి పడుతుంది."

ఇక చేసేదేముంది? పళ్ళెం పట్టుకుని పక్కింటి తలుపు తట్టింది. ఇద్దరి మధ్యా నడిచేది ఇంగ్లీషే. అందులోనే ఉన్నదున్నట్టు చెప్పేసింది. మిచికో గారు పళ్ళెం మీదకి వంగి వాసన చూశారు. మొహంలో ఏమీ కనపడలేదు. ఎడం చేత్తో ఒక ఒహాగి తీసి, నవ్వుతున్న కెంజీ ఫోటో ముందు పెట్టి, అగరొత్తి వెలిగించి, ఆ ఒంటి చేత్తోనే దణ్ణం పెట్టారు.

తర్వాత జపనీస్‌లో మాట్లాడ్డం మొదలుపెట్టారు. ఆగి, నవ్వి, మళ్ళీ మాట్లాడారు. పొగ ఎండలోంచి మెల్లగా పైకి పాకుతోంది. ప్రమోదకి ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో 'ప్రమోదా-సాన్' అని, వాళ్ళ పద్ధతిలో 'గారు' తగిలించిన తన పేరు మాత్రం వినిపించింది.

"ఆయన కోప్పడుతున్నారా?" అంది భయంభయంగా.

"ఏటా అదే ఒహాగి పెట్టి, దణ్ణం పెట్టి లేచిపోయేదాన్ని. ఆయన పోయాక చెప్పడానికి నాకు ఒక్క మాటా దొరకలేదు" అన్నారు మిచికో గారు, కళ్ళు తుడుచుకుంటూ. "ఇవాళ ఈ వాసనేంటని ఆయనే అడిగినట్టనిపించింది. మీరు పక్కింట్లోకి వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టి అన్నీ చెబుతున్నాను."

పళ్ళెంలోంచి ఒకటి తీసి ప్రమోద చేతిలో పెట్టారు.

"తింటూ కూర్చోండి ప్రమోదా-సాన్. ఇంకా చాలా చెప్పాలి" అని ఫోటో వైపు తిరిగారు.