మోకాలి లోతు లైసెన్సు

తెల్లారి ఆరింటికల్లా వంతెన కింద గట్టు నిండిపోయేది. గాలాలు, డబ్బాల్లో వానపాములు, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో మడిచిన లైసెన్సులు. వానపాములు మరిచిపోతే పక్కవాడు ఇస్తాడు. లైసెన్సు మరిచిపోతే ఆ పూటకి పొయ్యి సంగతి మరిచిపోవాల్సిందే.

మోకాలక్క ఆ వరసలో నిలబడేది కాదు. సీసాల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు లేబుళ్ళు అంటించి, అది మూతపడ్డాక గాలం పట్టిన మనిషి. బట్టలు మోకాళ్ళ పైకి దోపుకుని నేరుగా నడి ఏట్లోకి నడిచి వెళ్ళేది. నది ఆమెకి మోకాలు దాటేది కాదు. రెండు నిలువుల లోతున్న చోటైనా సరే, ఆమె అడుగు పెడితే చుట్టూ పది గజాల మేర నీళ్ళు మోకాలి దగ్గరికి దిగిపోయి, ఆమె దాటాక మళ్ళీ లేచేవి. కొందరికి జుట్టు తొందరగా నెరుస్తుంది, కొందరి చేతి మీద మొక్క బాగా బతుకుతుంది, ఈవిడకి నది మోకాలు దాటదు. అందులో వింతేముంది? పెద్ద చేపలు నడి ఏట్లోనే ఉంటాయి. వాటి మీదే ఆమె ఇల్లూ, కూతురి నర్సు చదువూ నడిచేవి.

వింతంతా లైసెన్సులది.

గట్టు లైసెన్సు ఉంటే నీళ్ళు చీలమండ దాటకూడదు. దిగుడు లైసెన్సు ఉంటే మోకాలు దాటకూడదు. మోకాలు దాటాలంటే 'జలప్రవేశ అనుమతి' కావాలి. అది చేపల ఆఫీసు ఇవ్వదు, ఊరికి ఆ చివరున్న జలమార్గాల ఆఫీసు ఇవ్వాలి. వాళ్ళేమో ముందు చేపల ఆఫీసు నుంచి అభ్యంతరం లేదని కాగితం తెమ్మంటారు. చేపల ఆఫీసు వాళ్ళు, ముందు అనుమతి చూపించు, అభ్యంతరం ఉందో లేదో తర్వాత చెప్తామంటారు. చేపలు ఒకరివి, నీళ్ళు ఇంకొకరివి. మధ్యలో నిలబడ్డ కాళ్ళు ఎవరివో ఇద్దరికీ తెలియదు. వంతెన పక్కనున్న పెద్ద హోటలు మురుగు గొట్టం మాత్రం ఏ లైసెన్సూ లేకుండా రాత్రింబవళ్ళు నదిలోకి దిగుతూనే ఉండేది.

"ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టానమ్మా," అనేవాడు కండక్టర్ బాబాయి. "కూర్చున్నవాడికీ నిలబడ్డవాడికీ ఒకటే టికెట్టు. వీళ్ళు చూడు, మడమకో టికెట్టు, మోకాలికో టికెట్టు. రేపు మొలకి సీజన్ పాసు పెడతారు."

ఆయనది గట్టు లైసెన్సు. ఆ మాటన్న వారానికే, పడవ పోతుంటే లేచిన అల ఒకటి ఆయన పిక్కలు తడిపింది. అతిక్రమణ అన్నారు. గాలం రెండు ముక్కలు చేసి ఆయన చేతిలోనే పెట్టారు.

విరిచింది కొలకర్ర సారు. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఇన్‌స్పెక్టరు. అంగుళాలు చెక్కిన కర్ర లేకుండా ఎక్కడా కనిపించడు కాబట్టి ఆ పేరు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే బతిమాలడానికైనా వీలుండేది.

ఒక గురువారం పొద్దున ఆయన గట్టు మీద నుంచి మోకాలక్కని కేకేశాడు.

"ఏమ్మా! నీది దిగుడు లైసెన్సే కదా? నువ్వు నిలబడింది రెండు నిలువుల లోతు!"

"నా కాళ్ళు చూడండి సార్. తడి మోకాలి దాకే ఉంది."

"రూలులో నీ కాళ్ళు లేవు. స్థలం లోతని ఉంది. మూడు చోట్ల కొలవాలి. వచ్చి తీసుకెళ్ళు."

ఆమె గట్టు దాకా వచ్చి ఆయన్ని వెంటబెట్టుకుని నడి ఏట్లోకి తీసుకెళ్ళింది. ఆయన కర్ర దింపాడు. మోకాలు. జేబులోంచి మ్యాపు తీశాడు. రెండు నిలువులు. కర్ర వంకా మ్యాపు వంకా మార్చి మార్చి చూశాడు.

"కర్రైనా తప్పు కావాలి, మ్యాపైనా తప్పు కావాలి," అన్నాడు. "మ్యాపు మీద పెద్దసారు సంతకం ఉంది."

"అంటే?"

"కర్ర తప్పు. నీ లైసెన్సు రద్దు. వెంటనే నీళ్ళలోంచి బయటికి నడు."

"ముందు మీరు గట్టెక్కండి సార్. మీ వెనకే నేనూ..."

"నాకింకా రెండు చోట్లు మిగిలాయి. నువ్వు ఇంకో నిమిషం ఉంటే కేసు రాయాల్సొస్తుంది. నడు!"

నడిచింది. పది గజాలు దాటేసరికి నీళ్ళు ఆయన నడుముకొచ్చాయి. ఇంకో రెండడుగులకి గుండెల మీదికొచ్చాయి.

"అమ్మా!" అని అరిచాడు కొలకర్ర సారు. ఆఫీసు కాగితాల్లో ఎక్కడా లేని మాట అది.

ఆమె వెనక్కి పరుగెత్తింది. నీళ్ళు దిగాయి. ఆయన బురదలో కూరుకుపోయిన బూటు వెతుక్కున్నాడు. మిగిలిన రెండు చోట్లూ కొలుచుకున్నాడు. ఆమె మోచెయ్యి పట్టుకుని, వణుక్కుంటూ గట్టెక్కాడు. చొక్కా పిండుకుని, గడియారం చూసి, రాశాడు: లైసెన్సు రద్దయిన తరువాత కూడా పదకొండు నిమిషాలు నీటిలో నిలబడినందున, ఈమె మూడేళ్ళపాటు నదీజలంలో పాదం మోపరాదు.

"ఆ పదకొండు నిమిషాలు ఎందుకు నిలబడ్డానో కూడా రాయండి సార్."

"దానికి ఫారంలో గడి లేదమ్మా," అన్నాడు ఆయన, నిజంగానే బాధపడుతూ. గాలం మాత్రం పట్టుకుపోయాడు.

ఆ కాగితం చదివి కూతురు గిన్నె విసిరికొట్టింది. "నది ఎవడబ్బ సొమ్ము? నీళ్ళు తాగేవాడిది నది, ఫైళ్ళు నమిలేవాడిది కాదు! రేపే ఆఫీసు ముందు కూర్చుందాం!"

"అరిస్తే ఆకలి పెరుగుతుంది. కూర్చుని తిను."

కూర్చుంది, కానీ తినలేదు. వారం తిరిగేసరికి ఆ పిల్లే, అరవకుండా, చదువు మానేస్తున్నానని కాలేజీకి ఉత్తరం రాసి పెట్టుకుంది. మందుల షాపులో పని చూసుకున్నానని తల్లితో చెప్పింది. మోకాలక్క ఆ ఉత్తరం తీసి బియ్యం డబ్బా అడుగున పెట్టి, సోమవారం దాకా ఆగమంది. సోమవారం ఏం జరుగుతుందని? ఆమెకీ తెలియదు.

వాళ్ళ వెనక తలుపు తీస్తే పాతకాలం రేవు మెట్లు. నదిని పక్కకి జరిపి గోడ కట్టేశాక, అది నాలుగు గోడల మధ్య ఎండిపోయిన గొయ్యి. వీళ్ళు బట్టలు ఆరేసుకునేవాళ్ళు. ఆదివారం పొద్దున మోకాలక్క మెట్టు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంటే, గోడ పగుల్లోంచి నీళ్ళొచ్చాయి. ఒక్కో మెట్టూ ఎక్కి, ఆమె మోకాలి దగ్గర ఆగిపోయాయి. చేప ఒకటి మడమకి తగిలింది.

"అమ్మా, నది వచ్చింది," అంది కూతురు.

"వచ్చినట్టుంది. ఆ దుప్పటి తీసెయ్, తడుస్తుంది."

అటక మీది పాత వెదురు గాలం దింపారు. ఆమె కాళ్ళు పెట్టి కూర్చుంటే గొయ్యి మోకాలి లోతు. లేచి లోపలికి వెళ్తే గోడల అంచుదాకా నిండేది. సోమవారం పెద్ద చేప పడింది. మంగళవారం రెండు పడ్డాయి. బుధవారం కొలకర్ర సారు వచ్చాడు.

"ఫిర్యాదు వచ్చింది," అన్నాడు వెనక తలుపు దగ్గర నిలబడి. "చీలమండ లోపలైతే ఇది గుంట. పైనైతే నది. కొలవాలి."

"కొలుచుకోండి."

"కాళ్ళు కదపకమ్మా."

"కదపను సార్."

ఈసారి బూట్లు విప్పి దిగాడు. మధ్యకి వెళ్ళి కర్ర దింపాడు. "మోకాలు. అంటే నదే. అంటే నిషేధం ఉల్లంఘించావు." రాయడం మొదలుపెట్టాడు.

మోకాలక్క ఆయన కలం వంక చూసింది. తర్వాత తన కాళ్ళ వంక చూసుకుంది.

"నిజమే సార్. నదిలో పాదం మోపకూడదని మీరే రాశారు. తప్పయింది," అని ఒక కాలు తీసి పై మెట్టు మీద పెట్టుకుంది.

నీళ్ళు ఆయన నడుముకొచ్చాయి.

"ఉండు, ఉండు! అనుమతిస్తున్నాను, ఉండు!"

"నోటిమాట చెల్లదని మీ కౌంటర్లో బోర్డు ఉంది సార్."

రెండో కాలి మడమ లేచింది. నీళ్ళు ఆయన భుజాలకొచ్చాయి. ఆయన కాగితం నెత్తి మీద పెట్టుకుని రాశాడు. ఈమె నదిలో ఏ లోతులోనైనా నిలబడి చేపలు పట్టవచ్చును. కూతురు మెట్టు మీద నుంచి వంగి కాగితం అందుకుని చదివింది.

"సంతకం ఉంది. తేదీ ఉంది. కండక్టర్ తాతయ్య పేరు కూడా రాయండి సార్. ఆ గట్టు మీద వాళ్ళందరి పేర్లూ రాయండి."

"ఒక అనుమతికి ఒకే పేరు!" అన్నాడు కొలకర్ర సారు. నీళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

"అమ్మా, ఇంకొంచెం తియ్," అంది కూతురు.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ఒకే పేరమ్మా," అన్నాడు మళ్ళీ. మునిగిపోయేవాడు ఒడ్డు పేరు చెప్పినట్టు చెప్పాడు.

మనిషి మునుగుతాడు గానీ రూలు మునగదని మోకాలక్కకి అర్థమైంది. రెండు కాళ్ళూ నీళ్ళలో పెట్టేసింది.

కాలేజీ ఉత్తరం ఆ సాయంత్రమే పొయ్యిలోకి పోయింది. మర్నాడు పొద్దున కండక్టర్ బాబాయి నాలుగు ముద్రలు పడ్డ తన అనుమతి దరఖాస్తు పట్టుకుని వెనక తలుపు దగ్గరికి వచ్చాడు.

"నీకు ఇచ్చారటగా తల్లీ! ఏ కౌంటర్లో? ఆ చివరి కిటికీలోనా? చెప్పు, వెళ్ళి లైన్లో నిలబడతాను."

ఆయనకి నది ఎంత లోతుంటే అంతే లోతు. మోకాలక్క పక్కకి జరిగి చోటిచ్చింది. ఆయన పై మెట్టు మీద, నీళ్ళకి జానెడు దూరంలో, వేళ్ళు కూడా తడవకుండా కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఆమె గాలం వైపు చూడసాగాడు.

"చూడ్డానికి ఇంకా లైసెన్సు పెట్టలేదు కదా?" అని అడిగాడు.