పళ్ళెం దిగని భాను

కువైట్‌లో ఉదయం ఏడున్నరకల్లా భాను యజమానింట్లో టీ పెట్టాలి. ఒక్క నిమిషం ఆలస్యమైనా మేడమ్ గంట కొడుతుంది. ఎవరు ఎదురొచ్చినా గోడకు ఒదిగి దారివ్వడం భానుకు అలవాటు. చింతామణిలో అన్నల కిరాణా కొట్లోనూ ఇంతే. నాన్న కుర్చీలో తను కూర్చుంటే అన్నలు లేపేవారు, గుమ్మంలో నిలబడితే జరగమనేవారు. అలా జరిగి జరిగి పాపం కువైట్‌లో వచ్చిపడింది.

ఆ రోజు ఏడింటికి పై అంతస్తు నుంచి ప్రతిమ మట్టి నింపిన స్టీలు పళ్ళెంతో దిగివచ్చింది. ప్రతిమది బాగేపల్లి దగ్గర మిట్టేమరి. పై ఇంట్లో పిల్లల్ని చూసుకుంటుంది. ఆ ఇంటివాళ్ళు ఉన్నట్టుండి టర్కీ ప్రయాణం కట్టారు, పిల్లల వెంట ఆమె కూడా పోవాలి.

"భానూ, ఒక్క ఉపకారం చెయ్. ఊర్లో పదికి మా పొలం కొలిచేదానికి సర్వేయర్ వస్తాండాడు. మా చిన్నాయన హద్దురాయి పెరికేసినాడు. మా పక్క ఎవురూ లేకుంటే నా బోరు ఆయప్పకే పోతాది."

"ఊర్లో పదంటే ఈడ ఏడున్నర. నాకు టీ పొద్దు కదే!"

"ఆ పొద్దుకు నేను ఏర్‌పోర్టు దావలో కార్లో ఉంటా. ఇది ఆ రాయి కింది మన్ను. దీంట్లో నిలబడు. రాయి పాతేదాకా దిగొద్దు."

మిట్టేమరి నుంచి బయటి దేశాలకు పోయినవాళ్ళందరూ మట్టి వెంట తీసుకుపోతారు. అందులో ఎవరు నిలబడినా, ఆ మట్టి తీసినచోట పొలంలో కనిపిస్తారు. గొర్రెలవాళ్ళు పలకరించి పోతారు. ఏడున్నరకు భాను చెప్పులు విడిచి, వంటింటి గుమ్మంలో పళ్ళెం ఎక్కింది.

ఎదురుగా వేరుశనగ చేను. బోరుకు ఇవతల, ప్రతిమ చేలో, చిన్నాయన చెన్నరాయప్ప అప్పటికే రాయి పాతేందుకు గుంత తవ్విస్తున్నాడు.

"ఎవురమ్మా నువ్వు?"

"ప్రతిమ పంపించిందప్పా. రాయి చోటు నేను నిలబడినకాడ."

"నీకేం తెలుసు? పక్కకు జరుగు."

ఆ మాటకు భాను మడమలు వాటంతటవే లేచాయి. అప్పుడే కువైట్‌లో గంట మోగింది. అక్కడా జరగమనేవాళ్ళే, ఇక్కడా జరగమనేవాళ్ళే! భానుకు ఒళ్ళు మండింది. మడమలు మట్టిలోకి నొక్కిపెట్టింది.

"జరగను."

చెన్నరాయప్ప భార్య అక్కమ్మ వచ్చి లాగింది. ఇద్దరు కూలి ఆడవాళ్ళూ తోడయ్యారు. పాదాలు కువైట్‌లో ఉంటే మిట్టేమరిలో లాగి ఏం లాభం?

"ఆ పక్కోళ్ళు ఎవురూ రారంటివే?" అన్నాడు టేపు విప్పుతున్న సర్వేయర్, చెన్నరాయప్పతో. "ఈయమ్మ ఉండాది. కొలవాల్సిందేప్పా."

కొలిస్తే టేపు కొస భాను బొటనవేలి దగ్గర ఆగింది. గంట ఇంకో నాలుగుసార్లు మోగింది. రాయి పాతి, చుట్టూ మట్టి దిమ్మెస చేసేదాకా భాను కదల్లేదు. బోరు ప్రతిమ వైపే ఉండిపోయింది.

పళ్ళెం దిగి చూస్తే ఎదురుగా మేడమ్. "టీ ఏది? జరుగు!" అంటూ భుజం పట్టి నెట్టింది. మట్టి అంటిన పాదాలతో పళ్ళెం దిగినా భాను కదల్లేదు. మేడమ్ రెండు చేతులతోనూ నెట్టి చూసింది.

"ఏడేళ్ళయింది. ఊరికి పోవాల. నా పాస్‌పోర్టు ఇచ్చేదాకా ఈ గుమ్మంలోనే ఉంటా."

మధ్యాహ్నం దాకా ఆ ఇంట్లో ఎవరికీ వంట లేదు. చివరికి మేడమ్ బీరువా తెరిచింది.

పై నెలలో భాను చింతామణిలో బస్సు దిగి, నేరుగా కొట్లోకి వెళ్ళి నాన్న కుర్చీలో కూర్చుంది. పెద్దన్న జరగమన్నాడు. పాదాలకంటిన మిట్టేమరి మట్టిని భాను ఇంకా కడుక్కోలేదు.