వాన మాస్టారి రిజిస్టరు

వాన మాస్టారిని దారిలో ఆపి "ఇవాళ గొడుగు అవసరమా మాస్టారూ?" అని అడగని వాడు లేడు. "పడబోయే వాన సంగతి నాకేం తెలుసయ్యా? పడిన వాన అడుగు, చెప్తా" అని కసిరేవాడు. ఆయన కోపం పాలపొంగు. మరుక్షణం నిన్న ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందో తనే పిలిచి మరీ చెప్పేవాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన ఉద్యోగం అదే. వాతావరణ కేంద్రం పెరట్లో గరాటు కింద చేరిన నీళ్ళను పొద్దున్న సరిగ్గా ఎనిమిదిన్నరకు గాజు గొట్టంలోకి వంపాలి. కంటి ఎత్తున పట్టుకుని చూసి, అంకెను రిజిస్టరులో రాసి, కార్డు మీద ఎక్కించి పెద్దాఫీసుకు పంపాలి. వాన పడకపోయినా సరే, వెళ్ళి చూసి సున్నా వెయ్యాల్సిందే.

కేంద్రం వెనకే రెండు గదుల ఇల్లు. భార్య ఉన్న రోజుల్లో ఆ ఎనిమిదిన్నర ఎంత సందడిగా ఉండేదో! జోరువానలో ఆయన తడుస్తూ పరిగెడితే ఆవిడ గొడుగు పట్టుకుని వెంటపడేది. "గరాటు మీద పట్టకే తల్లీ, నా ఉద్యోగం ఊడుతుంది!" అని ఆయన గగ్గోలు. ఆవిడ పడీపడీ నవ్వేది. లోపలికొచ్చాక ఆయన కళ్ళద్దాలు కొంగుతో తుడుస్తూ "మీకు దేవుడు అక్కర్లేదండీ, ఆ గొట్టం చాలు" అనేది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ అన్నది నిజం. మాస్టారు ఏ దేవుడికీ దణ్ణం పెట్టి ఎరగడు. కానీ తను రాసిన అంకెను ఎక్కడో ఎవరో శ్రద్ధగా చదువుతున్నారని మాత్రం మనసారా నమ్మాడు. మనిషి పుట్టుక్కి అర్థమేమిటని ఎవరైనా వాదనకు దిగితే, ఎనిమిదిన్నర కాగానే లేచి వెళ్ళిపోయేవాడు.

రిటైరైన రోజు పెద్దాఫీసు నుంచి ఒక అధికారిణి వచ్చింది. మాస్టారు అట్టలు వేసిన రిజిస్టర్లన్నీ ఆవిడ ముందు పేర్చాడు.

"మీరే ఉంచుకోండి మాస్టారూ. కేంద్రం మేడ మీద వాన కొలిచే మెషీను పెట్టి తొమ్మిదేళ్ళయిందిగా, అంకెలన్నీ అదే పంపుతోంది. మీ కార్డులు వచ్చినవి వచ్చినట్టు గోనెసంచుల్లోకే పోయేవి."

"ఒక్కరూ చూళ్ళేదా?"

"ఎవరు చూస్తారండీ? మిమ్మల్ని ఆపమని ఉత్తరం రాయడం మర్చిపోయినట్టున్నారు" అని ఆవిడ నొచ్చుకుంది.

తొమ్మిదేళ్ళ చాకిరీ కాదు మాస్టారిని కోసింది. భార్య పోయి ఆరేళ్ళు. పోయిన రోజు పొద్దున మంచం మీంచే ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని "కాసేపు కూర్చోండి" అంది. ఎనిమిదిన్నర కావస్తోంది. "కొలిచొచ్చేస్తా" అని చెయ్యి విడిపించుకుని వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. అప్పుడు పక్కనున్నది కూతురొక్కతే.

ఆనాటి నుంచీ అందరికీ ఒకటే చెప్పుకొచ్చాడు. "కుంభవృష్టి. ఆఫీసుకు అంకె పంపాలి. వెళ్ళక ఎలా చావను?" ఇప్పుడు ఆ అంకెను ఎవరూ చదవలేదంటున్నారు. మరి ఆవిణ్ణి వదిలి వెళ్ళింది ఎవరి కోసం?

ఇల్లు ఖాళీ చెయ్యడానికి కూతురు సామాను సర్దుతుంటే ఆయన నేల మీద చతికిలబడి భార్య పోయిన ఏడాది రిజిస్టరు లాగాడు. అంత వానను కొలిచానన్న తృప్తయినా మిగలాలని వెతికాడు. తేదీ దొరికింది. ఎదురుగా సున్నా ఉంది. దస్తూరీ తనదే. పైన సున్నా, కింద సున్నా, ఆ వారమంతా సున్నాలే. ఆరేళ్ళుగా తన వీపు మీద కురుస్తున్న వాన అసలు పడనే లేదు.

ఓరి దేవుడా! వాన పంపలేదు, ఆఫీసూ పంపలేదు. తన కాళ్ళతో తనే వెళ్ళాడు.

"ఏంటి నాన్నా, అలా అయిపోయారు?" అంది కూతురు.

"ఆ రోజు వాన లేదమ్మా. మీ అమ్మ ఊపిరి ఎగబీల్చే చప్పుడు వినలేక పారిపోయాను. నాకు భయమేసింది. ఖాళీ గొట్టం పట్టుకుని ఆ పెరట్లో నిలబడిపోయాను."

కూతురు చేతిలో దుప్పటి పక్కన పెట్టి ఆయన దగ్గర కూర్చుంది. "తెలుసు నాన్నా. అమ్మకీ తెలుసు. మీరు గుమ్మం దాటగానే నేను పిలవబోతే ఆపేసింది. ‘పిచ్చి మనిషి, భయపడ్డాడు. పిలవకే, వెళ్ళనీ’ అంది. మళ్ళీ మాట్లాడలేదు."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమే!"

"ఎలా చెప్పను? ఎప్పుడు అమ్మ మాటెత్తినా మీరు వాన గురించే చెప్పేవారుగా."

మాస్టారు కూతురి భుజం మీద తల ఆన్చి, ఆరేళ్ళలో మొదటిసారి, భార్య కోసం ఏడ్చాడు.