ముక్కుకు అందనిది

పొద్దున్నే చెక్కపీట ఎక్కి, కోల్డ్‌రూమ్ పై అరలోని గిన్నె మూత తీసి, ముక్కు మావయ్య కళ్లు మూసుకుని గాలి పీల్చాడు. ఆ హాస్టల్ వంటశాలలో ఆయన పని సామాన్లు మోయడం, గిన్నెలు కడిగి సర్దడం. కానీ ఆయన వాసన చూసి తలాడించనిదే నిన్న మిగిలిన ఏ పదార్థమూ పొయ్యి దాకా వెళ్లేది కాదు. అందుకే ఆ పేరు. పొడుగాటి ముక్కు కూడా కొంత కారణమే.

ఇవాళ ఆ ముక్కు మీద ఆయనకే నమ్మకం కుదరడం లేదు. కిందటి నెల కడుపుతో ఉన్న కూతురు, ఫ్రిజ్‌లో ఎప్పుడో కోసిపెట్టిన ఖర్బూజ ముక్కలు తెచ్చి, తినొచ్చా అని అడిగింది. ఆయన వాసన చూసి, "బంగారంలా ఉన్నాయి, తినమ్మా" అన్నాడు. తర్వాత ఆమెకు జ్వరం పట్టుకుంటే ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది: ఒక రకం బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలోనూ మెల్లగా పెరుగుతుంది, వాసన మారదు, రుచి మారదు, కడుపులో బిడ్డకు ముప్పు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయనకు అన్నం సయించలేదు. ఇవాళ కూతురికి స్కానింగ్, బిడ్డ ఎలా ఉందో తేలేది.

మధ్యాహ్నం ఫోన్ మోగేసరికి చేతులు సబ్బు నురగలో ఉన్నాయి. తుడుచుకోకుండానే ఎత్తాడు. అల్లుడు.

"మావయ్యా, ఇద్దరూ బాగున్నారు. జ్వరం పూర్తిగా తగ్గింది, బిడ్డకేం భయం లేదట. రేపు ఇంటికి పంపించేస్తారు."

ఆయన గిన్నెల మధ్యే చతికిలపడి ఏడ్చాడు. గుండెల మీంచి బండ దిగినట్టయింది. వెంటనే ఆకలేసింది కూడా. అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

సాయంత్రం వంటపెద్ద అలవాటుగా, ఎప్పుడో ఉడికించి పెట్టిన చల్లటి మాంసం పళ్లెం ముందుకు తోశాడు. "ఈ ఒక్కటీ చూసిపో మావయ్యా. ఇవాళ్టితో రిటైరైపోతున్నావు, రేపట్నుంచి నీ ముక్కు మాకు దొరకదుగా."

ఆయన వంగబోయి ఆగాడు. "ఇందులో ముప్పుంటే ముక్కుకు అందదురా. పాతదైతే పారెయ్. కొత్తదైతే పొగలు వచ్చేదాకా వేడిచెయ్. ఎప్పుడు వండారో మూత మీద రాసుకోండి."

వంటపెద్ద నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాడు. మాంసం చెత్తడబ్బాలో పడింది.

ముక్కు మావయ్య తాళాలు అప్పగించి, సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు. వీడ్కోలు సభ ఎవరూ పెట్టలేదు, ఆయనకూ ఆ సంగతి గుర్తురాలేదు. రేపు కూతురికి పండ్లు కొనాలి, ఇంటికొచ్చాక కడిగి అప్పటికప్పుడే కోసివ్వాలి అనుకుంటూ గేటు దాటాడు.

కోల్డ్‌రూమ్‌లో, ఆయన పాదాల కింద అరిగి నున్నబడ్డ చెక్కపీట పై అర కిందే ఉండిపోయింది.