సాంబ్రాణి పొగా, సముద్రపు డాక్టర్లూ

చంద్రికకు భయం పుట్టుకతో వచ్చిన విద్య. ఇంటర్ చదువు మధ్యలో ఆగిపోయింది గానీ ఈ విద్య మాత్రం ఏనాడూ ఆగలేదు. చంటిపిల్లకు ఎక్కిళ్లొచ్చాయని ఒకసారి, వరసగా తుమ్మిందని ఇంకోసారి మొగుణ్ణి అర్జంట్ కేర్‌కి పరుగెత్తించింది. రెండుసార్లూ అక్కడివాళ్లు నవ్వి పంపించారు. అప్పటినుంచి ఆమె నోరు తెరిస్తే చాలు, రఘువీర్ "మళ్లీ మొదలెట్టావా చందూ" అనేవాడు. అందుకే ఆ రోజు చంటిది నైనిక పాల వేళకు లేవకపోతే, చంద్రిక ముందుగా తనను తానే కసురుకుంది.

అంతకుముందు సాయంత్రం, సియాటెల్ పక్కన వాళ్లుండే బాతెల్ ఊరి మీద గాలివాన విరుచుకుపడింది. దేవదారు చెట్లు కూలి తీగల మీద పడ్డాయి. కరెంటు పోయింది, దాంతోపాటు హీటరూ పోయింది. పొద్దున లేచేసరికి ఇల్లు మంచుగడ్డలా ఉంది.

అయినా ఉమామహేశ్వరి గారు స్నానం మానిపించలేదు. మనవరాల్ని పెంచడానికి రాజమండ్రి నుంచి వచ్చిన అత్తగారు ఆవిడ. పిల్లకు ఒంటినిండా నూనె రాసి, నలుగు పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసి, చివర సాంబ్రాణి పొగ వెయ్యకపోతే ఆవిడకు ముద్ద దిగదు. కుంపటి లేని దేశంలో పాత ఇనప మూకుడే కుంపటి, గ్రిల్లులో కాల్చుకునే బొగ్గులే బొగ్గులు. పెరట్లో రాజేసి, నిప్పులు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చేవారు. మొదటిసారి అలా తెచ్చినప్పుడు అలారం గొల్లున మోగి, ఫైరింజను వాకిట్లోకి వచ్చింది. ఇరుగుపొరుగు పైజామాల్లో బయటికొచ్చి చూశారు. ఆ సిగ్గుకు రఘువీర్ ఓ ఉపాయం కనిపెట్టాడు. సాంబ్రాణి రోజున స్టూలెక్కి, సీలింగ్‌కున్న అలారానికి ప్లాస్టిక్ స్నానాల టోపీ తొడిగేవాడు. హోమాలకీ వ్రతాలకీ అక్కడి మనవాళ్లు చాలామంది చేసే పనే. అయిపోయాక తీసేసేవాడు.

ఆ రోజు తీయలేదు. ఆ వారం ఆఫీసులో ఏ సిస్టమ్ పడిపోయినా లేచి కూర్చోవలసిన ఆన్-కాల్ డ్యూటీ అతనిది. టోపీ తొడిగి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని, చార్జింగ్ కోసం వీధిలో ఆపిన కారులోకి పరుగెత్తాడు.

"బంగారం లాంటి నిప్పులు, పారబొయ్యడం ఎందుకే?" అంటూ అత్తగారు మూకుణ్ణి పడగ్గదిలో ఓ మూల పెట్టి, ఇంకో గుప్పెడు బొగ్గులు వేసి, తలుపూ కిటికీలూ బిగించారు. గది వెచ్చబడింది. ముగ్గురూ ఒకే దుప్పట్లో ముడుచుకున్నారు. చంద్రికకు కన్ను ఎప్పుడు మూతపడిందో తెలియలేదు.

లేచేసరికి తల బద్దలైపోతోంది. పిల్ల నోటికి పాలు అందిస్తే పెదవులు కదపలేదు. ఒళ్లు గుడ్డపేలికలా వాలిపోతోంది.

"అత్తయ్యా, పిల్ల లేవట్లేదు."

"హాయిగా నిద్రోతున్న పిల్లని లేపుతావేంటే అమ్మాయ్? సాంబ్రాణి వేస్తే అలాగే పడుకుంటారు," అంటూ లేవబోయిన ఆవిడ, మంచం పట్టి పట్టుకుని మళ్లీ కూలబడ్డారు. "నాక్కూడా కడుపులో తిప్పుతోందమ్మా. రాత్రి తిన్న పెసరట్టు పడలేదేమో."

అంతలో రఘువీర్ లోపలికొచ్చాడు. "అమ్మా, పదండి. ఫ్రీవే దగ్గర హోటల్లో జనరేటర్ ఉందట. అక్కడ వెచ్చగా కూర్చుని కాఫీ తాగుదాం. నా లాప్‌టాప్‌కి కారు చార్జింగ్ చాలట్లేదు."

కారులో చంద్రిక పిల్ల చెంప తట్టింది, అరికాలు గిల్లింది. నైనిక ఒకసారి కళ్లు సగం తెరిచి, మూసేసింది.

"ఏవండీ, ఆస్పత్రికి పోనివ్వండి."

"చందూ, చలికి పడుకుంది. దారిలో చెట్లు పడి ఉన్నాయి, సిగ్నళ్లు లేవు. ముందు హోటల్‌కి వెళ్లి చూద్దాం, సరేనా?"

చంద్రిక పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంది. మళ్లీ నవ్వుతారేమోనన్న సిగ్గు ఒక పక్క, పిల్లకేమైందోనన్న భయం ఒక పక్క.

హోటల్ లాబీ తీర్థంలా ఉంది. సాకెట్ల చుట్టూ జనం, మెడల్లో బ్యాడ్జీలతో పెద్దమనుషులు, మధ్యలో ఓ నిలువెత్తు బోర్డు. దాని మీద సముద్రంలో మునిగిన మనిషి బొమ్మ, అతని ముక్కు దగ్గర నీటి బుడగలు. రఘువీర్ కౌంటర్ దగ్గర వాకబు చేసి వచ్చాడు.

"రూములు లేవట. ఏదో డాక్టర్ల మీటింగ్. డైవింగ్ చేసేవాళ్లకి, గాలి ఒత్తిడి పెంచే ప్రెజర్ చాంబర్లో పెట్టి ట్రీట్‌మెంట్ ఇస్తారే, ఆ డాక్టర్లకి ఈ ప్రాంతంలో ఓ సంఘం ఉందట. ఏడాదికోసారి కలుస్తారట."

"సముద్రంలో మునిగేవాళ్లకి వేరే డాక్టర్లుంటార్రా?" ఉమామహేశ్వరి గారు కణతలు నొక్కుకుంటూనే అన్నారు. "మన గోదాట్లో మునిగితే పైకి తీసే దిక్కే లేదు!"

డాక్టర్లు అన్న మాట చంద్రిక చెవిలో పడింది. సముద్రం డాక్టర్లయితేనేం, డాక్టర్లే కదా. కానీ ఎవర్ని అడగడం? ఏ ఇంగ్లీషులో అడగడం? అప్పుడే కాఫీ వరసలో ఒక బ్యాడ్జీ పిల్ల ఫోన్లో అంటోంది: "అమ్మా, నేను తిన్నాను. యెస్ అమ్మా, స్వెటర్ వేసుకున్నాను. ప్రామిస్!"

చంద్రిక వెనక్కి చూడలేదు. రఘువీర్ "చందూ!" అంటున్నా వినకుండా వెళ్లి ఆ అమ్మాయి మోచెయ్యి పట్టుకుంది.

"మీరు డాక్టరా అండీ? మా పాప లేవట్లేదు. పాలు తాగట్లేదు. అందరూ నాది చాదస్తం అంటారు, అయినా ఒక్కసారి చూడండి."

ఆ అమ్మాయి పేరు హాసిని. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఫోను జేబులో వేసుకుని, పిల్ల కనురెప్ప ఎత్తి చూసింది. ముఖంలో నవ్వు పోయింది.

"మీకు ఎలా ఉంది? హెడేక్ ఉందా?"

"ఉందండీ. అత్తయ్యకి కూడా. ఆవిడకి వికారం."

"ఇంట్లో అందరికి సేమ్ టైమ్‌లో వచ్చిందా? పవర్ లేదు కదా... ఇంట్లో ఏమైనా బర్న్ చేశారా?"

చంద్రిక మూకుడు గురించి చెప్పింది. టోపీ గురించీ చెప్పింది. రఘువీర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. హాసిని వెనక్కి తిరిగి ఇంగ్లీషులో ఒక్క ముక్క అరిచింది: ఇంట్లో బొగ్గులు, చంటిపిల్ల!

కాఫీ వరసంతా ఒక్కసారి ఇటు తిరిగింది. కప్పులు ఎక్కడివక్కడ బల్లల మీద దిగాయి. తెల్లగడ్డం ఉన్న ఒక ఆరడుగుల పెద్దాయన, ఆ సంఘానికి అధ్యక్షుడట, ప్రదర్శన బల్ల మీదున్న, నెత్తురులో ఏ గ్యాస్ ఎంతుందో చూపే వేలి మిషను లాక్కొచ్చి చంద్రిక వేలికి తగిలించాడు. ఇంకొకాయన, పడవల మీద వాడే ఆక్సిజన్ పెట్టెను ఆ బల్ల మీదనుంచే ఎత్తుకొచ్చాడు. అమ్మకానికి పెట్టిన సరుకు, దానికి ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. మాస్కు పిల్ల ముక్కు దగ్గర పెట్టారు. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు, ఎవరో ఇంటి అడ్రసు అడిగి ఫైర్ వాళ్లను అక్కడికి పంపారు.

ఎవరూ నవ్వలేదు.

"పొగ అంతా పోయిందమ్మా, కిటికీ కూడా తీసి వేశాను సాంబ్రాణి," అంటున్నారు అత్తగారు, తనకూ ఒక మాస్కు పెడుతుంటే.

"పొగ కాదు ఆంటీ," హాసిని ఆవిడ చెయ్యి పట్టుకుంది. "బొగ్గు నుంచి ఒక గ్యాస్ వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్. స్మెల్ లేదు, కలర్ లేదు. మీ అలారం దాన్ని కూడా పట్టుకునేది, కానీ దానికి టోపీ ఉంది. బ్లడ్‌లో ఆక్సిజన్ ప్లేస్‌లో అది కూర్చుంటుంది. ఇండియాలో ఇల్లు ఓపెన్‌గా ఉంటుంది. ఇక్కడ ఇల్లు అంతా సీల్, డబ్బా లాగా."

"అయితే పాపకి..." చంద్రిక వాక్యం పూర్తి కాలేదు.

"ప్రెజర్ చాంబర్లో ఆక్సిజన్ ఇస్తే ఆ గ్యాస్ ఫాస్ట్‌గా వెళ్లిపోతుంది. ఆ చాంబర్ నడిపే టీమ్‌లో హాఫ్ ఇక్కడే డోనట్స్ తింటున్నారు. పదండి."

సియాటెల్ ఆస్పత్రిలో ఆ చాంబర్ చూడగానే చంద్రిక గుమ్మంలోనే ఆగిపోయింది. పట్టాల మీద వెళ్లే పెట్రోలు ట్యాంకరు ఒకటి తెచ్చి గదిలో పెట్టినట్టుంది. గుండ్రటి కిటికీలు, బ్యాంకు లాకరుకున్నంత తలుపు. పిల్లతోపాటు తల్లీ లోపలికి వెళ్లాలి.

అయితే అంతకుముందే ఒక పేచీ వచ్చిపడింది. నర్సు పిల్ల తల ముట్టుకుని, వేళ్లు వాసన చూసి, అడ్డంగా తల ఊపింది. పొద్దున పట్టించిన కొబ్బరినూనె! ఆక్సిజన్ ఉన్నచోట నూనె ఉంటే నిప్పు రవ్వ చాలట. పిల్లకూ తల్లికీ తల రుద్ది కడగాలి, కాటుక తుడవాలి, నూలు గుడ్డలే కట్టాలి.

"దిష్టిచుక్క కూడానా?" మాస్కులోంచే ఉమామహేశ్వరి గారు గొంతు పెంచారు. "ఇంత ప్రమాదంలో ఉన్న పిల్లకి చుక్క తీసేస్తారా?"

"ఆంటీ, కాటుకలో కూడా ఆయిల్ ఉంటుంది."

ఆవిడ తడిగుడ్డ అందుకుని, మనవరాలి బుగ్గ మీది చుక్కను తనే తుడిచేశారు. "నా చేత్తోనే చేశానే అమ్మాయ్," అన్నారు మెల్లగా.

"మీరు పిల్ల చలికి తట్టుకోలేదని చేశారు అత్తయ్యా. ఇప్పుడు మాస్కు తియ్యకండి," అంది చంద్రిక. ఆ ఇంట్లోవాళ్లకు తను ధైర్యం చెప్పడం అదే మొదటిసారి.

తలుపు మూశారు. లోపల తనూ, పిల్లా, హాసినీ. బయట ఆ తెల్లగడ్డం పెద్దాయన మీటల దగ్గర కూర్చున్నాడు. ఉన్నచోటే ఉన్నా సముద్రంలోకి దిగుతున్నట్టే లెక్కట. గాలి బుస్సుమంటూ లోపలికి వచ్చింది. ఉక్కపోసింది. చంద్రిక చెవులు దిబ్బెళ్లు పడ్డాయి.

"మింగండి, మింగుతూ ఉండండి," అంది హాసిని. "పాప కూడా మింగాలి. లేకపోతే చెవి పెయిన్. పాలు ట్రై చేయండి, ప్లీజ్."

పొద్దుటినుంచి నోరు తెరవని పిల్ల. చంద్రిక ఒళ్లోకి తీసుకుంది. పెదవుల మీద ఒక చుక్క పాలు పిండింది. ఏమీ లేదు. ఇంకో చుక్క. పిల్ల నాలుక కొంచెం కదిలింది, మళ్లీ ఆగిపోయింది. గోడ మీద ఒత్తిడి చూపే ముల్లు తిరుగుతోంది. ఉన్న దేవుళ్లందర్నీ పిలిచింది చంద్రిక, మధ్యలో పేర్లు మరిచిపోయింది. "నైనీ, తాగమ్మా, నా తల్లీ, ఒక్క గుటక."

ముందు తడుముకుంటున్నట్టు, తర్వాత గట్టిగా, ఆపైన ఎవరో లాక్కుపోతారన్నట్టు పిల్ల రొమ్ము పట్టుకుంది. గుటక్, గుటక్ అని మింగింది. చంద్రికకు కళ్లు మసకబారాయి. గుండ్రటి కిటికీలోంచి పెద్దాయన ఇటే చూస్తున్నాడు. ఆయనకు సంతోషంగా బొటనవేలు ఎత్తి చూపించింది.

బుస్సుమనే చప్పుడు టక్కున ఆగింది. పెద్దాయన సగం లేచి నిలబడ్డాడు. మైకులోంచి కంగారుగా మాటలు వచ్చాయి.

"నో నో నో!" హాసిని పకాలున నవ్వి, బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలిపి కిటికీకి చూపింది. "డైవర్లకి బొటనవేలు అంటే 'పైకి తీసుకెళ్లు' అని! మనం ఇప్పుడే కదా దిగుతున్నాం!"

"అయ్యో, సారీ అండీ, సారీ," అంటూ చంద్రిక రెండు చేతులా సున్నాలు చుట్టి చూపించింది. ఒళ్లో పిల్ల జారబోతే మళ్లీ పట్టుకుంది. పెద్దాయన నుదురు తుడుచుకుని కూర్చున్నాడు.

ఆ లెక్క ప్రకారం సముద్రం అడుగుకు చేరాక, నైనిక తలకు గాజుకుండ లాంటి తొడుగు పెట్టారు, దాన్నిండా ఆక్సిజన్. చంద్రికకు మాస్కు. కాసేపటికి పిల్ల ముఖం ముడుచుకుంది, కాళ్లు తన్నింది, పిడికిళ్లు బిగించి ఏడుపందుకుంది. తొడుగులోంచి ఆ ఏడుపు బావిలోంచి వచ్చినట్టు వినిపించింది. అంత తియ్యటి గొడవ చంద్రిక పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"యాంగ్రీ బేబీ ఈజ్ గుడ్ బేబీ," అంది హాసిని. తన కళ్లూ తడిగానే ఉన్నాయి.

బయటికొచ్చాక నెత్తురు పరీక్ష చేశారు. పెద్దాయన పిల్ల కళ్లముందు తన బ్యాడ్జీ ఊపాడు. నైనిక ఇటూ అటూ చూసి, దాన్ని లాక్కుని నోట్లో పెట్టుకుంది. ఈ రాత్రికి ఇక్కడే ఉంచి చూస్తామనీ, కొన్ని వారాలపాటు మళ్లీ మళ్లీ పరీక్షకు రావాలనీ, తనకు మాత్రం పిల్ల బాగానే కనిపిస్తోందనీ చెప్పాడు. హాసిని ఆ మాటలను తెలుగులోకి మార్చడం మొదలుపెట్టకముందే చంద్రికకు అర్థమైపోయాయి.

"ఇంకో మాట అన్నారు," అంది హాసిని. "మీరు వచ్చి నా చెయ్యి పట్టుకోకపోతే మేం ఇంకా కాఫీ తాగుతూ ఉండేవాళ్లం అని."

అత్తగారికి మాస్కుతోనే సరిపోయింది. ఆవిడ అప్పుడే రాజమండ్రికి ఫోన్ కలిపి, "ఈ దేశంలో డాక్టర్లు మీటింగులు మానుకుని వస్తారే!" అని చెల్లెలికి కథ మొదలుపెట్టారు. రఘువీర్ మాత్రం మంచం పక్కన తలవంచుకుని నిలబడ్డాడు.

"ఇంటికెళ్లగానే ఆ టోపీ తీసి పారేస్తా చందూ. నువ్వు కారులోనే చెప్పావు. నేనే..."

"ఫైర్ వాళ్లు తీసేసి ఉంటార్లెండి," అంది ఆమె. "పిల్లని కాస్త ఎత్తుకోండి, నా చేతులు లాగుతున్నాయి."

నైనిక తండ్రి భుజమెక్కి మళ్లీ రాగం అందుకుంది. అదే సమయానికి అతని ఫోన్ మోగింది. ఆఫీసు వాళ్లు. ఏదో సర్వర్ పడిపోయిందట, అందరూ కాల్‌లో ఉన్నారట. మేనేజరు గొంతు వార్డంతా వినిపించింది: ఎవరక్కడ, వెనక ఆ ఏడుపు ఎవరిది, కొంచెం మ్యూట్ చేస్తారా?

"మా అమ్మాయి," అన్నాడు రఘువీర్. "ఏడవనివ్వండి. నా పని రేపటిదాకా వేరేవాళ్లకి ఇవ్వండి."

ఫోను కట్టేశాడు. పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది. ఎవరూ ఊరుకోబెట్టలేదు. చంద్రిక దిండు మీద తల ఆన్చి, కళ్లు మూసుకుని, ఆ ఏడుపు వింటూ ఉండిపోయింది.