ఎండ పడే గోడ

టీ తాగిన కప్పు అతను తనే కడిగి బోర్లించిన రోజున ఆమెకు మొదటిసారి అనుమానం వచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ కప్పు సోఫా చేతి మీద, మంచం కింద, ఒక్కోసారి బాత్రూం కిటికీలో దొరికేది గానీ, సింకు దాకా వచ్చిన పాపాన పోలేదు. ఉతికిన బట్టలు మడతపెడుతున్నదల్లా చేతులాపి చూసింది. మొగుడు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, ఎటో చూస్తూ అన్నాడు:

“ఈసారి కొండలకి నువ్వూ రాకూడదూ?”

ఏటా చలికాలంలో అతను క్లైంబింగ్ జిమ్ స్నేహితులతో కలిసి సున్నపురాయి కొండలకి వెళ్తాడు. అక్కడ చలికాలంలోనూ ఎండ బాగా కాస్తుంది. రాతికి ముందే మేకులు దిగ్గొట్టి ఉంటాయి, వాటికి తాడు తగిలించుకుంటూ పైకెక్కడమే. బ్యాగు సర్దేది ఆమె. తిరిగొచ్చాక, పట్టు జారకుండా చేతులకి రాసుకునే తెల్లపొడి అంటిన బట్టలు ఉతికేదీ ఆమే. నేనూ వస్తానని ఒకసారి అడిగితే, “అక్కడ నీకేం తోస్తుంది? రాళ్లు చూస్తూ కూర్చుంటావా?” అన్న మనిషి ఇప్పుడు, “ప్లానంతా నువ్వే చెయ్యి. నీకున్న ఓపిక నాకెక్కడిది?” అంటున్నాడు.

ఆ పొగడ్త ఆమెకు ఎక్కడో విన్నట్టే ఉంది. ఆమె పనిచేసే కట్టుడుపళ్ల ల్యాబులో ఇన్‌చార్జి కూడా ఇలాగే, “మీ చేతిలో ఏదో ఉందండీ” అంటూ మొదలుపెడతాడు. ఆ వెనకే ఎవరూ ముట్టుకోని చిక్కు పని ఆమె బల్ల మీదకి వచ్చి పడుతుంది.

అత్తగారి వరస ఇంకా వింతగా ఉంది. కోడలు తన చెల్లెలి పెళ్లికి కాస్త ముందుగా వెళ్తానంటే నడుం పట్టేసి మంచమెక్కిన మనిషి ఇప్పుడు, “వెళ్లిరా అమ్మాయ్, మనవరాలిని నేను చూసుకుంటాలే” అంది. తల్లీకొడుకులు ముందే కూడబలుక్కున్నారన్నమాట. ఎందుకు?

అనుమానిస్తూనే ప్లాన్ వేసింది. వేస్తూ వేస్తూ అందులో పడిపోయింది. కూర పొయ్యి మీద పెట్టి ఫోన్‌లో ఆ కొండల ఫొటోలు చూసేది. లేత పసుపు రాయి, మధ్యలో తుప్పు రంగు చారలు, అరిగిన దవడపళ్ల మీద ఉన్నట్టు గుంటలు. నీడలు ఎటు పడ్డాయో చూసి, పొద్దున్నే ఎండ తగిలే గోడ ఏది, మధ్యాహ్నం దాకా చల్లగా ఉండేది ఏదో తేల్చుకుంది. చల్లటి రాయి మీద వేళ్లు కొయ్యబారిపోతాయని మొగుడు ఎన్నోసార్లు అనగా విన్నది. కూర మాడిన వాసన వచ్చాక గానీ ఈ లోకంలోకి రాలేదు. అప్పుడు మళ్లీ అదే పురుగు. నన్నెందుకు రమ్మంటున్నాడు?

ల్యాబులో పక్క బల్ల ఆవిడ ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. “మా ఆయన నాకు అడక్కుండా చీర కొన్నప్పుడే, ఇంకెవరో ఉన్నారని అర్థమైపోయింది.” జిమ్ జట్టులో ఒక ఫిజియోథెరపీ అమ్మాయి ఉంది. గోడ మీద చకచకా పాకుతుందని అంతా ‘ఉడత’ అంటారు. మొగుడు ఈ మధ్య ఆ పేరు ఎత్తడం మానేశాడు. ఇదివరకు ఎత్తేవాడు. మానేశాడంటే? ఆమె అతని చొక్కా ఉతికే ముందు వాసన చూసింది, చూసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అతని ఫోన్ టేబుల్ మీద తెరిచే ఉంది. దాచుకోకపోవడం కూడా అనుమానంగానే తోచింది.

ఆదివారం జిమ్‌లో ఎప్పట్లాగే అతని తాడు పట్టుకుంది. అతను పైకెక్కుతుంటే కింద నిలబడి, తాడు రెండో కొస నడుముకి తగిలించుకుని, అతను పడితే ఆపడం. ఒకప్పుడు తాడు పట్టే మనిషి రాకపోతే ఆమెకు నేర్పించాడు, అప్పట్నించీ ఇది ఆమె పనే. “వదులూ! అబ్బా, అంత వదలమన్నానా? నిద్రపోతున్నావా కింద?” జిమ్మంతా వినబడేలా అరిచాడు. ఆమె తాడు కాస్త బిగించింది.

తర్వాత చేతులు కడుక్కునే చోట ఉడత ఎదురైంది. నిలదీయాలని నోరు తెరిచేలోపే ఆ పిల్లే అంది:

“అక్కా, మీరొస్తున్నారటగా! హమ్మయ్య.”

“నేనొస్తే నీకెందుకమ్మా హమ్మయ్య?”

“పోయినేడు అన్న తాడు పట్టలేక చచ్చామక్కా. ఒకే చోట పొద్దంతా వేలాడటం, పైనుంచి తిట్టడం. ఈసారి తాడు పట్టే మనిషిని అన్న తనే తెచ్చుకుంటేనే రమ్మన్నాం. ఏమనుకోకండి. అప్పుడే అన్నారు, ‘మా ఆవిడొస్తుంది, వంటగది ఉన్న ఇల్లు తీసుకుందాం, అందరికీ భోజనాల బాధ కూడా తీరుతుంది’ అని.” మాట నోటి నుంచి జారాక పిల్ల తెల్లబోయింది. “మీకు చెప్పలేదా?”

ఆమెకు ముందు ఊపిరి తేలికైంది. ఇంకో ఆడది లేదు. అలా తేలికపడినందుకే ఆమెకు ఒళ్లు మండింది. మోసపోయిన పెళ్లానికి ఏడవడానికైనా ఒక కారణం ఉంటుంది. గోడకి కొట్టిన మేకు ఏమని ఏడుస్తుంది? మొగుడు తనని ఎవరికోసమో వదల్లేదు, నిజమే. చేతికందే చోట ఉంచుకున్నాడు, అంతే.

“మీరు ఎప్పుడూ ఎక్కరేంటక్కా?”

“ఒకసారి ఎక్కబోయాను. ‘తాడు తెగుద్దేమో చూడండ్రోయ్’ అన్నాడు. అందరూ నవ్వారు.”

“రండి. మీ తాడు నేను పడతా.”

ముడి వేశాక ఆమె దాన్ని లాగి చూసింది, ఇంకోసారి లాగి చూసింది. గోడ సగానికి వచ్చి ఆగింది. కిందికి చూడబుద్ధి కాలేదు.

“పట్టుకున్నావా?” అని అరిచింది.

“పట్టుకునే ఉన్నానక్కా!”

ఆ మాట ఆమెతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

“ఏయ్, చాల్లే దిగు! ఇంటికెళ్లి వంట చెయ్యవా?” మొగుడి గొంతు. ఆమె కాలు పైకి వేసింది. వేళ్లు దొరికిన పట్టుని వదల్లేదు. చిట్టచివరి పట్టు దాకా వెళ్లి, అరచేత్తో దాన్ని ఒకసారి తట్టి, అప్పుడు దిగింది.

మొగుడి మాట మీద తను బుక్ చేసిన వంటగది ఉన్న ఇల్లు ఆ వారంలోనే రద్దు చేసింది. కొండ కింద భోజన హోటల్ ఒకటి ఉంది, దాని మేడ మీద గదులు తీసుకుంది. ఉడతతో కలిసి తనకో గది. రాత్రి భోజనాల దగ్గర మామూలుగానే చెప్పింది.

“ఇల్లు వద్దన్నాను. కింద హోటల్లోనే తింటాం. పొద్దున ఎండ పడే గోడ మీద నేనెక్కుతాను.”

అత్తగారు నీళ్ల గ్లాసు నోటి దాకా తెచ్చి ఆపేసింది. “నువ్వెక్కడం ఏంటమ్మాయ్?”

మొగుడు మాత్రం, “మరి నా తాడెవరు పడతారు?” అన్నాడు. నీకు భయం లేదా అనలేదు, ఎప్పుడు నేర్చుకున్నావనీ అనలేదు.

“మధ్యాహ్నం దాకా ఎవరినైనా అడిగి చూడండి. తర్వాత నాకు తీరికుంటే పడతాను. అరవకుండా ఉంటేనే.”

అతను నవ్వబోయాడు. “ఓహో. అయితే పొద్దున నీ తాడు నేను పట్టాలా?”

ఆమె అతని కంచంలో కూర వడ్డించబోయి, గరిటె అతని పక్కనే పెట్టేసింది.

“వద్దండీ. అంత ఎత్తున నా ప్రాణం మీ చేతుల్లో పెట్టేంత నమ్మకం నాకు లేదు.”