సంతకం గీత దగ్గర ఆగిన పొద్దు

సూర్యుణ్ణి నడిపించే మొనగాడు ఎవరయ్యా అంటే మన ప్రోగ్రామరే. సూర్యుణ్ణంటే మరీ మొత్తం సూర్యుణ్ణి కాదులెండి, బస్సు డిపో మీద పడే ఎండవరకే. అదైనా ఇతగాడి ప్రతాపమేం కాదు, లైన్ ప్రింటరుది.

రోజూ పొద్దున్నే వచ్చి, మడతల కాగితాన్ని పెట్టెలోంచి పైకి లాగి, అంచున ఉన్న చిల్లుల్ని ప్రింటరు పళ్లకి తగిలించి మూత వేస్తాడు. రోజుకో పేజీ. డిపోలోకి బస్సు వచ్చిందంటే పేజీ మీద ఒక లైను పడుతుంది. కాగితం ఒక లైను జరుగుతుంది, బయట గోడ మీద నీడ ఒక ఇటుక జరుగుతుంది. ఇందులో వింతేముందని డిపోలో అందరి ఉద్దేశం. బస్సులు ఆలస్యమైన రోజున వాచ్‌మన్ దుప్పట్లు కూడా ఉతికి ఆరేసుకుంటాడు.

కాగితం ఎంత జరగాలో లైను మొదట్లో వేసే గుర్తు చెబుతుంది. ఖాళీ వదిలితే ఒక్క లైను. రెండు అనే అంకె వేస్తే, పక్కన గిరగిరా తిరిగే టేపులో రెండో వరస చిల్లు దొరికేదాకా కాగితం పరుగెత్తి, పేజీ అడుగున సంతకం గీత దగ్గర ఆగుతుంది. అప్పటికి పొద్దు వాలి, అందరూ ఇళ్లకి బయల్దేరతారు. కూడిక గుర్తు వేస్తే కాగితం కదలదు, అచ్చు మీదే అచ్చు పడుతుంది. వెనక్కి తిప్పే గుర్తు మాత్రం లేదు.

ఆ పొద్దున పిన్ని కిటికీలోంచి తల పెట్టింది. సొంత పిన్నే. ఏళ్లుగా అదే డిపోలో కండక్టరు.

"ఒరేయ్, మధ్యాహ్నం నా డ్రైవరు పరీక్ష. రేపటికి వయసు దాటిపోతుంది, ఇదే ఆఖరుసారి. పొద్దు కాస్త నెమ్మదిగా పోనియ్యరా."

"నీకోసం సూర్యుణ్ణి గుంజకి కట్టేస్తాను పో పిన్నీ!"

అన్నాడు గానీ, భోజనాలయ్యేసరికి మనవాడికి పిన్నీ గుర్తులేదు, గుంజా గుర్తులేదు. కొత్త బూట్లు కరుస్తున్నాయి. విప్పుదామంటే సాక్సుకి బొటనవేలి దగ్గర కిటికీ. ఇంటికి పోతే చాలు భగవంతుడా అనుకుని, ప్రోగ్రాములో ఖాళీ ఉన్నచోట రెండంకె కొట్టాడు.

కాగితం సర్రున జారింది. బయట గోడ మీద ఇటుకలన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి.

"ఇదేంటమ్మా, ఇంకా మొదలే పెట్టలేదు!" ఇన్‌స్పెక్టరు గొంతు. "చీకట్లో నేను పరీక్ష పెట్టను."

"వెలుతురు కాస్త ఉంది కద సార్..."

"గేటు దగ్గర బస్సులు చూశావా? ఒక్కటి లోపలికొచ్చిందంటే ఆ కాస్తా పోతుంది."

మనవాడికి పరీక్ష సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కిటికీలోంచి చూస్తే పిన్ని, పాత బస్సు పక్కన, తాళంచెవి పిడికిట్లో బిగించుకుని నిలబడి ఉంది. అతనికి ఈ ఉద్యోగం కోసం మేనేజరు గుమ్మం ముందు కూడా అలాగే నిలబడింది. పరుగున వెళ్లి ఒక్క అక్షరం మార్చాడు. రెండంకె తీసి కూడిక గుర్తు వేశాడు.

"ఎక్కు పిన్నీ!" అని కిటికీలోంచి అరిచాడు.

గేటు బస్సు లోపలికొచ్చింది. ప్రింటరు సంతకం గీత మీద దబదబా కొట్టింది, కాగితం కదల్లేదు. ఎరుపూ కదల్లేదు. ఇంకో బస్సు, ఇంకొకటి. ఏ బస్సు ఎప్పుడొచ్చిందో ఇక బ్రహ్మదేవుడు కూడా చదవలేడు, అంత నల్లగా అయింది ఆ లైను. రేపు మేనేజరు తిట్టబోయే తిట్లన్నీ చెవిలో మోగుతున్నా, మనవాడు ఆ గుర్తు తియ్యలేదు.

అవతల పిన్ని బస్సుని పరీక్షకని పెట్టిన డ్రమ్ముల మధ్యకి వెనక్కి నడుపుతోంది. ఒకసారి ఆగింది. ముందుకి తీసి, మళ్లీ వెనక్కి వచ్చింది. లోపల కాగితం పలచబడి అవతలి వెలుగు కనిపిస్తోంది.

"సరే, దిగమ్మా. పాసయ్యావు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కాగితం టప్పున చిరిగింది. డిపో అంతా చీకటి.

ఆ చీకట్లోనే పిన్ని తడుముకుంటూ వచ్చి అతని రెండు చెంపలూ పట్టుకుంది. వెనకే వచ్చిన డ్రైవర్లు, "నీ అక్క కొడుకు బంగారం. నీకోసం సూర్యుణ్ణే ఆపాడు!" అంటున్నారు. ఒక్కో మాటా బూటుకన్నా గట్టిగా కరుస్తోంది.

"పొద్దు వాల్చింది కూడా నేనే పిన్నీ," అన్నాడు.

చెంపల మీద చేతులు ఆగిపోయాయి. "నువ్వా? ఎందుకురా?"

"బూట్లు కరిచాయి. నీ పరీక్ష మర్చిపోయాను."

పిన్ని అతని చెవి దొరకబుచ్చుకుని మెలేసింది. "సరిపోయే బూట్లు కొనుక్కోవచ్చుగా, దరిద్రుడా!" అంది.

చీకటిగా ఉండటం ఎంత మంచిదో మనవాడికి అప్పుడు తెలిసింది.

"షాపులో అమ్మాయి సైజెంతండీ అని అడిగింది పిన్నీ. చాలా బావుంది ఆ అమ్మాయి. నా పాదాలేమో పడవలు. రెండు సైజులు తగ్గించి చెప్పాను."